ఐపీ68 ఉందని సముద్రంలోకి దిగకండి: మే నెల ఎండలో నా ఫోన్ చేతులెత్తేసిన రోజు

ఫోన్ పేరు చెప్పను. కంపెనీ పేరు కూడా చెప్పను. చెప్తే ఈ ఆర్టికల్ ఆ ఒక్క ఫోన్ మీద గొడవగా మిగిలిపోతుంది. నేను చెప్పాలనుకున్నది దాదాపు అన్ని ఫోన్లకీ, అంతకంటే ఎక్కువగా వాటిని రివ్యూ చేసే నాలాంటి వాళ్ళకీ వర్తిస్తుంది.

ముందు జరిగింది చెప్తాను.

మాది తిరుపతి. మా అవ్వకి 74 ఏళ్ళు, పుత్తూరు దగ్గర పల్లెలో ఉంటుంది. తిరుమల కొండ కాలినడకన ఎన్నిసార్లు ఎక్కిందో ఆమెకే లెక్క లేదు గానీ, సముద్రం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఇందులో వింతేమీ లేదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు గానీ తిరుపతి జిల్లాకి తీరం రాలేదు. అంతకు ముందు మా పాత చిత్తూరు జిల్లాకి సముద్రమే లేదు. చెరుకు, వేరుశనగ, మామిడి తోటల మధ్య బతికిన మనిషికి సముద్రం దాకా పోయే పని ఎందుకు పడుతుంది?

కానీ ఆమెకొక కోరిక ఉండేది. 1970లో బాపు తీసిన 'బాలరాజు కథ' సినిమా చూసిందట. మహాబలిపురంలో జరిగే కథ అది. అప్పటి నుంచీ "ఆ సముద్రం ఒడ్డు గుడి ఒకసారి చూడల్లబ్బా" అని అంటూనే ఉంది. మేం "పోదాంలే అవ్వా" అని అంటూనే ఉన్నాం. చివరికి మొన్న మే నెలలో ఒక ఆదివారం నాన్న కారు తీశాడు. పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేయాలి. రానూపోనూ దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు.

నా వైపు ఏర్పాట్లన్నీ ఫోన్ మీదే. ఈ సంవత్సరం మొదట్లో కొన్నాను, అరవై వేలు దాటింది. స్పెక్స్ షీట్ నాకు కంఠతా వచ్చు: 4500 నిట్స్ పీక్ బ్రైట్‌నెస్, ఐపీ68, 4కే 60 ఫ్రేమ్స్ వీడియో, వేడి తగ్గించడానికి పెద్ద వేపర్ ఛాంబర్. అవ్వ మొట్టమొదటిసారి సముద్రంలో కాలు పెట్టే వీడియో తీయాలి. అదొక్కటే నా ప్లాన్.

తెల్లారుజామునే బయల్దేరాం. పుత్తూరులో అవ్వని ఎక్కించుకుని నగరి, తిరుత్తణి, అరక్కోణం మీదుగా కాంచీపురం చేరాం. అక్కడ టిఫిన్. మళ్ళీ చెంగల్పట్టు రోడ్డు. నా ఫోన్ మొత్తం దారి డ్యాష్‌బోర్డ్ మీద, అద్దానికి ఆనుకుని ఉన్న మౌంట్‌లో ఉంది. నావిగేషన్ నడుస్తోంది. ఫాస్ట్ ఛార్జర్ తగిలించి ఉంది. డేటా అయిపోయిందని మా పిన్ని కొడుకు, అంటే నా తమ్ముడు, హాట్‌స్పాట్ అడిగితే అదీ ఆన్ చేశాను. పైన తొమ్మిదింటి ఎండ. చెంగల్పట్టు దాటాక స్క్రీన్ మీద ఒక మెసేజ్ వచ్చింది, ఫోన్ వేడెక్కింది కాబట్టి ఛార్జింగ్ ఆపేశామని. నేను పట్టించుకోలేదు.

పదకొండుకి తీర దేవాలయం గేటు దగ్గరున్నాం. కారు మీటర్ బయట 39 డిగ్రీలు చూపించింది. పురావస్తు శాఖ టికెట్ క్యూఆర్ స్కాన్ చేసి కొందామని ఫోన్ తీస్తే స్క్రీన్ కనపడలేదు. బ్రైట్‌నెస్ బార్ పూర్తిగా పైన ఉంది, కానీ స్క్రీన్ మాత్రం సాయంత్రం ఆరింటికి చూసినట్టు మసగ్గా ఉంది. అరచెయ్యి గొడుగులా అడ్డం పెట్టి, చొక్కా కింద దూర్చి చూసినా లాభం లేకపోయింది. చివరికి టికెట్ నాన్న ఫోన్‌లోనే కొన్నాం.

ఎనిమిదో శతాబ్దం మొదట్లో పల్లవ రాజు రాజసింహుడి కాలంలో కట్టిన గుడి అది. 1984 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అవ్వ ఆ రాళ్ళని చేత్తో తడుముతూ చుట్టూ తిరిగింది. తర్వాత ఇసుకలోకి వచ్చాం. నేను ముందు పరిగెత్తి, నీళ్ళ అంచున నిలబడి కెమెరా తెరిచాను. రికార్డ్ నొక్కాను. పది సెకన్లు కూడా కాలేదు. "ఫోన్ చల్లారిన తర్వాత కెమెరా వాడండి" అని చెప్పి యాప్ మూసుకుపోయింది.

"ఒక్క నిమిషం ఆగవ్వా, ఫోన్ వేడెక్కిపోయింది" అన్నాను.

"నీ ఫోన్ సల్లారేదాకా నేను ఆగల్నా ఏంది?" అని, అమ్మ చెయ్యి పట్టుకుని అవ్వ నీళ్ళలోకి నడిచేసింది.

యాభై ఏళ్ళు ఆగిన మనిషి. ఇంకా ఎంతసేపు ఆగాలి?

ఆ రోజు ఇంకో దెబ్బ కూడా తగిలింది. మా తమ్ముడి ఫోన్‌కి కూడా ఐపీ68 ఉంది. వాడు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా ఫోన్‌ని నీళ్ళలో ముంచి వీడియోలు తీశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆపలేదు. పైగా "ఐపీ68రా, ఏం కాదు" అన్నది నేనే. బయటికొచ్చి టవల్‌తో తుడిచి, కారెక్కగానే ఛార్జర్ పెట్టాడు. మరుసటి రోజు స్పీకర్ గరగరలాడింది. రెండు రోజులకి ఛార్జింగ్ ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌లో విప్పి చూపించారు: లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ ఎర్రబడింది, ఛార్జింగ్ పోర్ట్ తుప్పు పట్టింది. నీళ్ళ వల్ల పాడైతే వారంటీ రాదన్నారు. రిపేర్‌కి అడిగింది ఫోన్ ధరలో మూడో వంతు. పద్దెనిమిది నెలల ఈఎంఐలో వాడు కట్టింది ఏడు. ఇంకో పదకొండు నెలలు, ఆన్ కాని ఫోన్‌కి కడతాడు.

ఫోన్లు అబద్ధం చెప్పాయా?

ఇంటికొచ్చాక కోపంతో మొదలుపెట్టి అన్నీ చదివాను. అబద్ధం ఎక్కడా లేదు. అదే అసలు సమస్య. అంతా రాసే ఉంది, మనం చదవని చోట.

మొదటిది వేడి. యాపిల్ తన ఐఫోన్లకి చెప్పే పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. శామ్‌సంగ్ చెప్పేదీ అదే 0 నుంచి 35. బయట గాలి అంతకంటే వేడిగా ఉంటే ఫోన్ తనను కాపాడుకోవడానికి ఛార్జింగ్ నెమ్మది చేస్తుంది లేదా ఆపేస్తుంది, స్క్రీన్ వెలుగు తగ్గిస్తుంది, ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, ఫ్లాష్ ఆపేస్తుంది, అవసరమైతే కెమెరా మూసేస్తుంది. లిథియం బ్యాటరీని ఎక్కువ వేడిలో ఛార్జ్ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది, ప్రమాదం కూడా. కాబట్టి నా ఫోన్ చేసింది తప్పు కాదు. ఇంజినీర్‌గా ఆలోచిస్తే నేను కోడ్ రాసినా అలాగే రాస్తాను.

కానీ 35 అనే అంకెని మన క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. తిరుపతిలో మార్చి ఆఖరు నుంచే మధ్యాహ్నాలు 35 దాటేస్తాయి. మేలో 40 దాటడం మాకు వార్త కూడా కాదు. అంటే కంపెనీ లెక్క ప్రకారం మనం సంవత్సరంలో రెండు మూడు నెలలు, పట్టపగలు, ఫోన్‌ని దాని హద్దు బయటే వాడుతున్నాం. ఇది మన ఒక్కరి గొడవ కూడా కాదు. లాంచ్ వీడియోల్లో నీలం సముద్రం, తెల్ల ఇళ్ళు చూపించే దక్షిణ యూరప్‌లో, ఇటలీలోని సిరాక్యూస్ అనే తీర పట్టణం దగ్గర 2021 ఆగస్టు 11న 48.8 డిగ్రీలు నమోదైంది. అది యూరప్ ఖండం రికార్డు అని ప్రపంచ వాతావరణ సంస్థ 2024లో ఖరారు చేసింది. ఆ వీడియోల సముద్రం పక్కన కూడా ఇప్పుడు 35 సరిపోవడం లేదు.

రెండోది నిట్స్. బాక్స్ మీద రాసే 4500 నిట్స్ స్క్రీన్ మొత్తానికి సంబంధించింది కాదు. హెచ్‌డీఆర్ వీడియోలో, స్క్రీన్‌లో ఒక చిన్న భాగం, కాసేపు చేరుకోగల గరిష్ఠం అది. ఎండలో మెసేజ్ చదవడానికి పనికొచ్చేది హై బ్రైట్‌నెస్ మోడ్ అంకె, అది చాలా తక్కువగా ఉంటుంది. చాలా ఫోన్లలో ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉంటేనే అదీ వస్తుంది. ఫోన్ వేడెక్కితే ఆ అంకె కూడా నిలబడదు. అంటే ఎక్కువ వెలుగు ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే తగ్గిపోతుంది. స్పెక్స్ షీట్‌లో "ఎండలో ఇరవై నిమిషాల తర్వాత ఎంత" అనే గడి ఎక్కడా ఉండదు.

ఇంకో చిన్న విషయం. కూలింగ్ గ్లాసెస్ పోలరైజ్డ్ రకం అయితే, ఫోన్ ఒక కోణంలో పట్టుకున్నప్పుడు స్క్రీన్ నల్లగా కనిపిస్తుంది. అది ఫోన్ తప్పు కాదు, అద్దాలు తీసి చూడండి.

మూడోది, తమ్ముడిని ముంచింది: ఐపీ68. ఇందులో 6 అంటే దుమ్ము లోపలికి పోదని. సన్నటి పౌడర్ గాల్లో ఎగరేసి పరీక్షిస్తారు. చివరి అంకె 7 అయితే ఒక మీటరు లోతులో అరగంట. 8 అయితే అంతకంటే కఠినంగా ఉండాలి, ఎంత లోతు, ఎంత సేపు అనేది కంపెనీయే నిర్ణయించుకుంటుంది. ఇప్పుడు కొత్తగా వస్తున్న ఐపీ69 అంటే 80 డిగ్రీల వేడి నీళ్ళని గట్టి ఒత్తిడితో చిమ్మి చూడడం.

వీటన్నిటిలో కామన్ పాయింట్ ఒకటుంది. అవి మంచినీళ్ళు, అది కొత్త ఫోన్, అది ల్యాబ్. సముద్రం నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పునీళ్ళు కరెంటుని బాగా మోస్తాయి. పోర్ట్‌లో ఉప్పు తడి ఉండగా ఛార్జర్ పెడితే ఆ లోహం వేగంగా తుప్పు పడుతుంది. తమ్ముడు కారెక్కగానే చేసింది అదే. ఇక అల అంటే కదలని నీళ్ళు కాదు, ఇసుకతో కలిసి తోసుకొచ్చే నీళ్ళు. ఆ ఇసుకలో నల్లటి ఇనుప రేణువులు ఉంటే స్పీకర్ అయస్కాంతం వాటిని లాక్కుంటుంది కూడా.

శామ్‌సంగ్ తన వాటర్ రెసిస్టెంట్ ఫోన్ల కింద చిన్నక్షరాల్లో బీచ్‌లో, స్విమ్మింగ్ పూల్‌లో వాడమని సలహా ఇవ్వడం లేదని రాస్తుంది. నీళ్ళను తట్టుకునే గుణం శాశ్వతం కాదు, వాడే కొద్దీ తగ్గుతుంది, నీటి వల్ల కలిగే నష్టం వారంటీలోకి రాదు అని యాపిల్ రాస్తుంది. పెద్దక్షరాల్లో మాత్రం నీటి చుక్కలు ఎగిరే బొమ్మ ఉంటుంది.

తప్పు మాది కూడా

ఇప్పుడు కష్టమైన మాట. ఈ చిన్నక్షరాలు చదవాల్సింది, చదివి మీకు చెప్పాల్సింది రివ్యూ రాసేవాళ్ళు. నేను ఇప్పటిదాకా రాసిన రివ్యూల్లో "ఐపీ68 ఉంది కాబట్టి నీళ్ళ భయం లేదు" అనే వాక్యం ఎన్నిసార్లు రాశానో వెతికి చూసుకున్నాను. సిగ్గేసింది. "ఎండలో కూడా స్క్రీన్ చక్కగా కనిపిస్తోంది" అని రాసిన ప్రతిసారీ నేను చేసింది, ఏసీ గదిలోంచి బాల్కనీలోకి వచ్చి ఒక నిమిషం చూసి లోపలికి పోవడం. గేమింగ్ టెస్ట్, కెమెరా టెస్ట్, ఛార్జింగ్ టైమ్ అన్నీ 24 డిగ్రీల గదిలో చేసినవే. ఆ అంకెలు తప్పు కాదు. కానీ అవి ఆ గదికి సంబంధించిన అంకెలు.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "ఎండలో ఫోన్ వాడమని ఎవరు చెప్పారు? సముద్రానికి పోయి సముద్రం చూడక, వీడియో ఎందుకు?" వీడియో వరకు అయితే ఆ మాట ఒప్పుకుంటాను. నేను పోగొట్టుకున్నది ఒక వీడియో, అంతే.

కానీ మధ్యాహ్నం రెండింటికి లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడి చూడండి. ఫుడ్ డెలివరీ కుర్రాళ్ళు బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించుకుని, స్క్రీన్‌కి చెయ్యి అడ్డం పెట్టి అడ్రస్ చదువుకుంటూ ఉంటారు. ఆటో అన్నలకి యాప్‌లో వచ్చే రైడ్ ఆ స్క్రీన్ మీదే కనిపించాలి. వాళ్ళ ఫోన్ కూడా నావిగేషన్, డేటా, పవర్ బ్యాంక్ ఛార్జింగ్ అన్నీ ఒకేసారి, నెత్తిన ఎండతో నడుస్తుంది. ఆ రోజు నా డ్యాష్‌బోర్డ్ మీద మూడు నాలుగు గంటలు జరిగింది వాళ్ళకి ఎండాకాలమంతా రోజూ జరుగుతుంది. స్క్రీన్ మసకబారితే ఆర్డర్ లేటు, ఛార్జింగ్ ఆగితే ఆ పూట కూలి పోయినట్టే. పదిహేను వేలు పెట్టి ఫోన్ కొనే వాళ్ళకి మేం ఇచ్చేది బెంచ్‌మార్క్ స్కోరు. వాళ్ళకి కావాల్సింది ఒక్క ప్రశ్నకి జవాబు: ఇది ఎండలో పని చేస్తుందా?

ఇంకొకటి కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ రోజు నాన్న ఫోన్ పని చేసింది కదా, దాని ధర పన్నెండు వేలు. తక్కువ ధర ఫోన్లే నయం అని రాసేద్దామని చేతులు దురద పెట్టాయి. తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం రెండు ఫోన్లనీ మా మిద్దె మీదికి తీసుకెళ్ళి, ఎండలో పెట్టి వీడియో రికార్డింగ్ ఆన్ చేశాను. నాన్న ఫోనే ముందు ఆగిపోయింది. మహాబలిపురంలో అది గెలిచింది గొప్పదై కాదు. పొద్దుటి నుంచి అమ్మ సంచిలో, మజ్జిగ బాటిల్ పక్కన, నీడలో పడుకుని ఉంది కాబట్టి. నా ఫోన్ సముద్రం చేరే సరికే సగం ఉడికిపోయి ఉంది. ఉడికించింది నేనే.

ఇకనుంచి నేను చేయబోయేది

కంపెనీలు మారేదాకా ఆగక్కర్లేదు. నా వరకు నేను ఇకపై రాసే రివ్యూల్లో మూడు విషయాలు కలుపుతున్నాను. గది ఉష్ణోగ్రత ఎంత, బయట ఎంత అన్నది కూడా పక్కనే రాస్తాను.

ఒకటి, మిట్ట మధ్యాహ్నం ఇరవై నిమిషాలు ఎండలో ఉన్నాక స్క్రీన్ మీద మామూలు మెసేజ్ చదవగలమా లేదా.

రెండు, అదే ఎండలో 4కే వీడియో ఎన్ని నిమిషాలకి ఆగింది, 1080పీలో పెడితే ఎంతసేపు వచ్చింది.

మూడు, నావిగేషన్ నడుస్తూ ఛార్జర్ ఉన్నప్పుడు ఛార్జ్ ఎక్కిందా, దిగిందా.

శీతాకాలంలో వచ్చిన ఫోన్‌కి ఈ టెస్ట్ చేయలేకపోతే "ఎండలో చూడలేదు" అని రాస్తాను. ఐపీ రేటింగ్ దగ్గర వారంటీలో నీళ్ళ గురించి ఏం రాశారో ఆ ముక్క కూడా తెలుగులో పెడతాను. ఇంతే. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. మిద్దె, గడియారం ఉంటే చాలు.

ఈలోపు మీరు మైపాడుకో, తూపిలిపాళెంకో, మహాబలిపురానికో బయల్దేరుతుంటే నా అనుభవంతో కొన్ని మాటలు. మ్యాప్ ముందు రోజే ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోన్‌ని అద్దం దగ్గర కాకుండా ఏసీ గాలి వచ్చే చోట తగిలించండి. చేరే ముందు అరగంట హాట్‌స్పాట్, ఛార్జింగ్ ఆపేసి సంచిలో పడేయండి. వేడెక్కితే ఫోన్‌కి ఐస్ పెట్టకండి, లోపల తేమ చేరుతుంది. కవర్ తీసి నీడలో పెడితే చాలు. ఉప్పునీళ్ళు తగిలితే ముందు స్విచాఫ్ చేయండి, వాటర్ రెసిస్టెంట్ ఫోన్ అయితే మంచినీళ్ళతో మెల్లగా కడిగి తుడవండి, పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ దగ్గరికి పోనివ్వకండి. జేబులో కాస్త డబ్బులు ఉంచుకోండి. మా చేతిలో అంత టెక్నాలజీ ఉండి, ఆ రోజు సుండల్ కొనడానికి చిల్లర ఇచ్చింది అవ్వే. బేరం కూడా ఆమే చేసింది, తమిళంలో.

అవ్వ వీడియో మాత్రం ఉంది. నాన్న తీశాడు. నలభై సెకన్లు, కాస్త వంకరగా, మూలలో ఆయన వేలు కనిపిస్తూ. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోతుంటే అవ్వ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని "ఒమ్మో, నేల జారిపోతాందే!" అని అరిచి నవ్వడం స్పష్టంగా వినిపిస్తుంది. మా ఫ్యామిలీ గ్రూపులో అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. అది ఏ ఫోన్‌లో తీశారని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

తమ్ముడు మాత్రం ఈ నెల ఈఎంఐ కట్టాడు. ఇంకా పది ఉన్నాయి.